మా మండలం లైబ్రరీ: చదువుకి మూడు స్టార్లు, మిగతా దానికి ఐదు

ముందే చెప్పేస్తున్నా, ఏసీ, వైఫై, ఎవరి క్యాబిన్ వాళ్లకి, పక్కనే చార్జింగ్ పాయింట్ ఉండాలి అనుకునేవాళ్లకి ఈ రివ్యూ పనికిరాదు. నేను రాస్తున్నది ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఉన్న సర్కారు శాఖా గ్రంథాలయం గురించి. ఊరి పేరు కావాలనే రాయట్లేదు. కింద నేను తిట్టబోయేవాటిలో చాలావరకు అక్కడ పనిచేసే సార్ తప్పు కాదు, మాట మాత్రం ఆయనకే వస్తుంది. పైగా మీ మండలంలో లైబ్రరీ ఉంటే, అది కూడా అటూ ఇటూగా ఇలాగే ఉండి ఉంటుంది, చదివాక మీరే చెప్పండి.

నాది పక్కన ఉన్న తండా. డిగ్రీ గవర్నమెంట్ కాలేజీలోనే అయిపోయింది, ఆ తర్వాత మా బ్యాచ్ మొత్తం చేసినట్టే నేనూ గ్రూప్స్ అన్నాను, మధ్యలో కానిస్టేబుల్ అన్నాను, మళ్లీ గ్రూప్స్ దగ్గరికే వచ్చాను. హైదరాబాద్ వెళ్లి అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని కోచింగ్‌లో చేరే స్తోమత ఉంటే ఈ లైబ్రరీ గడప తొక్కేదాన్నే కాదు, అది నిజం. అక్కడ రూమ్ అద్దె, మెస్ బిల్లు, టెస్ట్ సిరీస్ ఫీజు, జిరాక్స్ మెటీరియల్, ఇవన్నీ కలిపితే మా ఇంట్లో పత్తి అమ్మిన డబ్బు ఎన్ని నెలలకి సరిపోతుందో లెక్క వేశాక ఇంకెవరితోనూ ఆ మాట ఎత్తలేదు. అక్కడికి వెళ్లిన అన్నలు కూడా చివరికి కూర్చునేది చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే, అదీ పొద్దున్నే వెళ్లి కుర్చీ పట్టుకుంటేనే.

ఇక విషయానికి వస్తా. టైమింగ్స్ ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. ఆదివారం తెరిచే ఉంటుంది, ఈ సంగతి సగం మందికి తెలీదు, ఆదివారం మూసి ఉంటుందని ఇంట్లో పడుకునేవాళ్లూ ఉంటారు, శుక్రవారం బస్సెక్కి వచ్చి తాళం చూసి సణుక్కుంటూ పోయేవాళ్లూ ఉంటారు. లోపల కూర్చుని చదువుకోడానికి పైసా అక్కర్లేదు. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే మెంబర్ కావాలి, దానికి డిపాజిట్ చిన్న మొత్తమే, మానేసేటప్పుడు వెనక్కి ఇస్తారు. ఒక పెద్ద గది, పేపర్లకి పొడవాటి బల్లలు, వెనక బీరువాలు, ఒక మూల పిల్లల పుస్తకాలు. పొద్దున ఎనిమిదిన్నర దాకా పేపర్లన్నీ తాతల చేతుల్లో ఉంటాయి, వాళ్లని తొందరపెట్టకండి, ఎడిటోరియల్ పేజీ వాళ్లకి అక్కర్లేదు, అడిగితే తీసి ఇచ్చేస్తారు.

పుస్తకాల సంగతి. పోటీ పరీక్షలకి వెళ్లేవాళ్లు ముందు అడిగేది తెలుగు అకాడమీ పుస్తకాలే కదా, అవి ఉన్నాయి, కానీ అన్నీ లేవు, ఉన్నవాటిలో ఎకానమీ పుస్తకం పాత ఎడిషన్. పాలిటీ పాతదైనా ఫరవాలేదు, ఈ మధ్య జరిగిన సవరణలు మనం విడిగా రాసుకుంటే సరిపోతుంది, ఎకానమీ అలా కాదు, బడ్జెట్ లెక్కలు ఏడాదికోసారి మారిపోతాయి, పాత పుస్తకం చదివితే చదవనిదానికంటే ఎక్కువ నష్టం. తెలంగాణ ఉద్యమ చరిత్ర మీద మాత్రం మంచి పుస్తకాలున్నాయి, అవి ఎప్పుడూ ఎవరో ఒకరు తీసుకెళ్లి ఉంటారు. కథలు, నవలల బీరువా బాగుంటుంది. ఒక మూల వాస్తు, జ్యోతిష్యం పుస్తకాలు ఎందుకంత దండిగా ఉన్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కావాల్సిన పుస్తకం పేరు రాయడానికి ఒక రిజిస్టర్ ఉంటుంది, అడిగితేనే చూపిస్తారు. అడగండి. రాసిన ప్రతిదీ రాదు, కానీ రాయనిది ఎలాగూ రాదు.

పాఠాలు చెప్పేవాళ్లు లేరు కదా అంటే, దానికి తెలంగాణ సర్కారు నడిపే టీ-సాట్ ఉంది. నిపుణ చానల్‌లో గ్రూప్స్ క్లాసులు ఫ్రీగా వస్తాయి, ఫోన్‌లో ఇంటి దగ్గర చూసి, డౌట్లు లైబ్రరీకి తెచ్చుకుని పక్కవాళ్లతో తేల్చుకోవడం మా పద్ధతి. ఒక ఫోన్‌తో ఇద్దరు ముగ్గురు సరిపెట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. కోచింగ్‌కి ఇది సాటి వస్తుందా అంటే రాదు. టెస్ట్ పెట్టి, పేపర్ దిద్ది, నువ్వు ఇక్కడ వెనకబడ్డావు అని చెప్పే మనిషి ఇక్కడ ఉండడు. అందుకే చదువుకి మూడు స్టార్లు.

ఇప్పుడు అసలు కోపం. 11 నుంచి 4 దాకా మూత. ఈ టైమింగ్స్ పొద్దున పేపర్ చూసుకుని ఆఫీసుకు పోయి, సాయంత్రం వచ్చేటప్పుడు మళ్లీ ఒకసారి తొంగిచూసే ఉద్యోగస్తుడి కోసం పెట్టినవి. రోజంతా చదువుకోవాలని పల్లె నుంచి వచ్చే పిల్లల కోసం కాదు. ఊళ్లో ఇల్లు ఉన్నవాడు పదకొండుకి ఇంటికెళ్లి తిని పడుకుని నాలుగుకి వస్తాడు. మాకు ఇల్లు ఆరేడు కిలోమీటర్ల దూరం, బస్సు మన ఇష్టం వచ్చినప్పుడు ఉండదు. ఆడపిల్లలకైతే సాయంత్రం సెషన్ ఉన్నట్టే కానీ లేనట్టే, ఏడింటిదాకా కూర్చుంటే చివరి బస్సు పోతుంది, అది పోతే ఇంట్లోవాళ్లు మర్నాటి నుంచి అసలు పంపరు. ఆరింటికే లేవాలి. అంటే రోజుకి మహా అయితే ఐదు గంటలు, అది కూడా మధ్యలో తెగిపోయి. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి కింద ఆడవాళ్లకి ఫ్రీ బస్సు వచ్చాక, జీరో టికెట్ మీద వచ్చే అమ్మాయిలు బాగా పెరిగారు, అంతకుముందు మాలో చాలామందికి రానూపోనూ చార్జీలే అడ్డం. బస్సు దించి వెళ్తుంది సరే, దిగాక ఐదు గంటలు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ ఆలోచించలేదు. లైబ్రరీలో టాయిలెట్ ఉంది, చాలా రోజులు దానికి తలుపు లేదు. ఇలాంటిచోట ఆడపిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసు, నీళ్లు తాగడం మానేస్తారు.

ఇంత తిట్టాక కూడా ఐదు స్టార్లు దేనికిచ్చానంటే, ఆ మూసి ఉండే ఐదు గంటల్లో వరండాలో జరిగినదానికి.

తాళం పడ్డాక దూరం ఊళ్ల వాళ్లమంతా వరండా మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చునేవాళ్లం. అబ్బాయిలు ఒక పక్క, మేము ఒక పక్క, కొన్నాళ్లకి ఆ గీత చెరిగిపోయింది. ఒకళ్లు బిట్లు అడగడం, మిగతావాళ్లు చెప్పడం. ఒకరోజు పాలిటీ. పంచాయతీరాజ్ చాప్టర్, 73వ సవరణ, 1993 ఏప్రిల్ 24న అమల్లోకి, 243ఏ అంటే గ్రామసభ, అందరం టకటకా చెప్పేస్తున్నాం. పక్కనే మెట్ల మీద కూర్చుని పేపర్ చదివే ఒక రిటైర్డ్ టీచర్, మేమంతా సార్ అనే పిలుస్తాం, తల ఎత్తకుండానే అడిగారు, "మరి మీ ఊళ్లో గ్రామసభ ఎప్పుడు పెట్టారమ్మా?" ఒక్కరం చెప్పలేకపోయాం. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది, రెండు నెలలకి ఒకసారైనా గ్రామసభ పెట్టాలని అందులో ఉంది, ఇది కూడా మాకు బిట్‌గా వచ్చు. ఆ చట్టం వచ్చిన ఏడాదే మా తండా వేరే పంచాయతీ అయింది. ఓటరు లిస్టులో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభలో సభ్యులే, అంటే నేనూ సభ్యురాలినే, ఒక్కసారి కూడా పోలేదు.

అక్కడి నుంచి మాటలు ఇంటి పన్ను మీదికి పోయాయి. మీ ఇంట్లో పంచాయతీ వాళ్లు ఇచ్చిన ఇంటి పన్ను రసీదు ఉంటే తీసి చూడండి. కింద లైబ్రరీ సెస్సు అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు. ఆరు వందల పన్నుకి 48 రూపాయలు. అది పంచాయతీ డబ్బు కాదు, వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి, అక్కడి నుంచే లైబ్రరీలకి పుస్తకాలు, పేపర్లు, కరెంటు బిల్లు, కుర్చీలు. అంటే లైబ్రరీ మొహం ఎప్పుడూ చూడని మా అమ్మ కూడా ఏటా దానికి డబ్బు కడుతోంది. ఆ మాట విన్నప్పుడు మాలో ఒక అమ్మాయి, "మరి ఆ తలుపు డబ్బులు కూడా మా అమ్మ కట్టిందా?" అంది. నవ్వాం కానీ తర్వాత ఎవరమూ మాట్లాడలేదు.

సమాచార హక్కు చట్టం 2005 గురించి కూడా మాకు బిట్లే వచ్చు. రిటైర్డ్ సార్ దగ్గర కూర్చుని మొదటిసారి నిజంగా దరఖాస్తు రాశాం. ఇది చాలామందికి తెలీదు కాబట్టి వివరంగా రాస్తున్నా: గ్రామ స్థాయి ఆఫీసులో అడిగితే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయి, ఆపైన 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి అది కూడా అక్కర్లేదు, కార్డు జిరాక్స్ పెట్టాలి. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎవరి ఊరి పంచాయతీకి వాళ్లు ఒకే ప్రశ్న వేశాం: గత మూడేళ్లలో లైబ్రరీ సెస్సు ఎంత వసూలైంది, ఎంత కట్టారు, ఎప్పుడు కట్టారు. రాసింది ఒకే మాట అయినా ఒక్కో ఊళ్లో ఒక్కోలా పుచ్చుకున్నారు. ఒక చోట సెక్రటరీ కూర్చోబెట్టి టీ ఇప్పించి రిజిస్టర్ చూపించారు. ఇంకో చోట మా ఫ్రెండ్ వాళ్ల నాన్నకి ఫోన్ పోయింది, "మీ పోరికి ఎందుకు ఇవన్నీ, మంచిగ చదువుకోమను" అని. వాళ్ల నాన్న భలే మనిషి, "చదువుకునే పనిలనే ఉన్నది సార్" అన్నాడట. ఒక చోట జవాబు రానేలేదు, అప్పీలు ఎలా రాయాలో ఆ పుణ్యాన నేర్చుకున్నాం.

వచ్చిన జవాబుల్లో ఉన్నది మీరు ఊహించిందే, వసూలు చేసినదానికీ కట్టినదానికీ పొంతన లేదు. దొంగతనం అని నేను అనట్లేదు. పంచాయతీలకి ట్రాక్టర్ కిస్తీలు, కరెంటు బిల్లులు, సఫాయి వాళ్ల జీతాలు నెత్తి మీద కూర్చుని ఉంటాయి, సెస్సు ఎవరూ అడగరు కాబట్టి అది అందరికంటే వెనక పడిపోతుంది. అడిగేవాళ్లు లేకపోవడమే అసలు జబ్బు.

2024 మొదట్లో సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చాక ఊళ్లో ఎవర్ని అడగాలో కూడా తెలీకుండా పోయింది. 2025 జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల కోసం ఊరూరా గ్రామసభలు పెట్టారు గుర్తుందా, ఆ రోజు మా తండాలో చెట్టు కింద కుర్చీలు చాలలేదు. లిస్టులో పేర్ల మీద గొడవ నడుస్తుంటే, అందులో మధ్యలో లేచి లైబ్రరీ సెస్సు, టాయిలెట్ తలుపు అంటే ఎవరు వింటారు. మేము చివరిదాకా ఆగాం. జనం సగం పోయాక లేచి కాగితం చదివాం, తీర్మానాల పుస్తకంలో రాయండి అని అడిగాం. రాశారు. నా చేతులు వణికాయి, అది వేరే సంగతి, గ్రూప్స్ పరీక్ష ఇంతకంటే భయంగా ఉంటుందని నేననుకోను.

ఏం వచ్చింది దీనివల్ల అంటే, తలుపు వచ్చింది. కొన్ని పంచాయతీలు బకాయిలో కొంత కట్టాయి. రిజిస్టర్‌లో మేము రాసిన పుస్తకాల్లో కొన్ని వచ్చాయి, కొత్త ఎకానమీ ఇంకా రాలేదు. టైమింగ్స్ మార్చమని జిల్లాకి పెట్టుకున్న అర్జీకి ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు. మధ్యాహ్నం వరండాలో ఎండ పడుతుందని లైబ్రరీ సార్ ఏం చేస్తున్నారో మాత్రం ఇక్కడ రాయను, ఆయన ఉద్యోగం ఆయనకి ఉండాలి. ఆయన ఒక్కరే ఇంకో లైబ్రరీకి కూడా ఇన్‌ఛార్జి, అందుకని ఒక్కోసారి లేటవుతుంది, అది చూసి ఒక్క స్టార్ ఇచ్చి పోకండి.

ఇంకొకటి. లైబ్రరీల చరిత్ర కూడా మేము బిట్లుగానే చదివాం: హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901, హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం 1904, బెజవాడలో గ్రంథాలయ మహాసభ 1914, సంవత్సరం చెప్పు మార్కు కొట్టు. ఈ వరండా గొడవ తర్వాత అదే చాప్టర్ చదివితే వేరేలా ఎక్కింది. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద మీటింగ్ పెట్టుకోవాలన్నా పర్మిషన్ కావాలి, అలాంటి రోజుల్లో జనం నలుగురు కూడి మాట్లాడుకునే చోటు లైబ్రరీ అయింది. మా జిల్లాలోనే పుట్టిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఒక టీచర్ ఇంట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నారు, తర్వాత 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు సంచిలో వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మారు. ఆంధ్ర వైపు వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలుపెట్టింది కూడా ఒక యువజన సంఘమే, దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి పెదపులివర్రు దాకా కాలువలో పడవ మీద పుస్తకాలు పంపించారు. పడవలో పంపించారు! మనకి మధ్యాహ్నం తలుపు తీయడం కష్టం.

ఇప్పుడు మా వరండా బ్యాచ్‌లో కొందరికి ఉద్యోగాలొచ్చి వెళ్లిపోయారు, కొందరు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు, కొత్తవాళ్లు ఇంటర్ అయిపోయి వస్తున్నారు. వాళ్లలో 17 నిండినవాళ్లతో ముందు ఓటు ఫారం నింపిస్తున్నాం. 18 వచ్చేదాకా ఆగక్కర్లేదు, 17 నిండగానే ఫారం-6 ముందస్తుగా పెట్టొచ్చు, 2022 నుంచి జనవరి 1 ఒక్కటే కాకుండా ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా లెక్కలోకి వస్తాయి. పేరు ఎక్కితేనే గ్రామసభలో కూడా మెంబర్ అని చెప్తే అబ్బాయిలు కొంచెం లేటుగా వింటారు, అమ్మాయిలు వెంటనే నింపేస్తారు. ఊళ్లో పెద్దవాళ్లు పెన్షన్ కాగితాలు, బ్యాంకు నోటీసులు పట్టుకుని లైబ్రరీ దగ్గరికి రావడం కూడా మొదలైంది, చదివిపెట్టమని. కొంచెం డిస్టర్బెన్సే, పరీక్ష ముందు నెలలో చిరాకు కూడా వస్తుంది. కానీ ఏ కోచింగ్ సెంటర్‌లోనూ స్కీముల చాప్టర్ ఇంత బాగా అర్థం కాదు.

ఎవరికి నప్పదు అంటే, రేపే మెయిన్స్ ఉంది, నిశ్శబ్దం కావాలి, ఎవరితోనూ మాటలొద్దు అనుకునేవాళ్లకి నప్పదు. వాళ్లకి నెల ఫీజు కట్టే రీడింగ్ రూమ్ మేలు, మన జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో ఉన్నాయి. గవర్నమెంట్ కాలేజీ నుంచి వచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక, ఇంట్లో కూర్చుంటే పెళ్లి మాటలు వినాల్సి వస్తుందని టెన్షన్ పడే పిల్లలకి ఇంతకంటే మంచి చోటు నాకైతే తెలీదు.

వెళ్లేవాళ్లకి: నీళ్ల బాటిల్, అన్నం డబ్బా తెచ్చుకోండి, ఫ్యాన్ కింద బల్ల కావాలంటే ఎనిమిదింటికే ఉండండి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, ఆ వారం బడి పిల్లల పోటీలు, మైకు, ముగ్గులు, చదువు సాగదు, కానీ ఆ వారమే మండల ఆఫీసర్లు, లీడర్లు లైబ్రరీ లోపలికి వస్తారు, అర్జీ ఇవ్వాలంటే అప్పుడే ఇవ్వండి. అమెరికా, హైదరాబాద్‌లలో ఉండి ఊరికి ఏదైనా చేయాలనుకునే అన్నలూ అక్కలూ, దయచేసి మీ ఇంట్లో పాత ఇంటర్ గైడ్లు అట్టపెట్టెల్లో పెట్టి పంపకండి, ఇప్పటికే ఉన్నవి పెట్టడానికి చోటు లేదు. ఒక ఇన్వర్టర్, నాలుగు కుర్చీలు, ఈ ఏడాది ఎకానమీ పుస్తకం రెండు కాపీలు. ఇంకా చేయాలనిపిస్తే మీ ఊళ్లో మీ ఇంటి పన్ను రసీదు తీసి, ఆ సెస్సు ఎటు పోయిందో ఒక కాగితం రాయండి, గ్రామ స్థాయిలో ఫీజు లేదని పైనే చెప్పాను.